బొమ్మ ఒక్కటే లెక్క నేర్పదు – బొమ్మ మనకొద్దనే హక్కూ ఎవడికీ లేదు

జగ్గయ్యపేట, నందిగామ తాలూకాల్లో ఏ దళితవాడకైనా పోయి, ఈ మధ్య హైస్కూలు చదివిన పిల్లలున్న ఇంట్లో ఇనప్పెట్టె మూత తీయించి చూడండి. ఇంటిస్థలం పట్టా, రేషన్ కార్డు, డ్వాక్రా పుస్తకం, వాటి అడుగున పాత చీరముక్కలో చుట్టిన ట్యాబు కనపడుద్ది. దానికి ఛార్జింగ్ పెట్టి ఎన్నాళ్లయిందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. పట్టా కాగితాన్ని ఎంత భద్రంగా దాచిందో ఆ తల్లి దాన్నీ అంత భద్రంగా దాచింది. సర్కారు సొమ్ము గదా, పోతే మళ్లీ అడుగుతారేమోనని భయం. పిల్లాడు మాత్రం పదో తరగతి లెక్కల్లో తప్పి పత్తి తీతకు పోతున్నాడు.

ఈ ట్యాబు కథ మొదట్నుంచీ చెప్పుకోవాలి. ఎందుకంటే దీనిమీద రెండు పార్టీల వాళ్లూ తిట్టుకున్నారు గానీ మన పిల్లల తరఫున ఎవరూ మాట్లాడలేదు. 2022 జూన్ 16న రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ అనే కంపెనీతో ఒప్పందం రాసుకుంది. నాలుగు నుంచి పది దాకా సర్కారు బడి పిల్లలకు ఆ కంపెనీ వీడియో పాఠాలు ఉచితమన్నారు. అదే సంవత్సరం డిసెంబరు 21న, ముఖ్యమంత్రి పుట్టినరోజు నాడు, ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ కలిపి 5,18,740 ట్యాబులు పంచడం మొదలుపెట్టారు. ఖర్చు 686 కోట్లని ప్రభుత్వమే చెప్పింది. 2023 డిసెంబరులో మరో విడత. రెండు విడతలూ కలిపి తొమ్మిదిన్నర లక్షల ట్యాబులు, పదమూడు వందల కోట్ల పైమాట. పాఠాలను కార్డులో ఎక్కించి ఇచ్చారు, నెట్ లేకపోయినా నడిచేటట్టు. అది మంచి పని, ఒప్పుకోవాలి. నాడు–నేడు కింద బాగుచేసిన హైస్కూళ్లలో గోడకు పెద్ద తెరలు కూడా బిగించారు, ముప్పై వేల పైచిలుకు తరగతి గదుల్లో.

ఆ 2022 డిసెంబరు నెలలోనే ఢిల్లీలో ఏం జరిగిందో కూడా తెలుసుకోండి. తల్లిదండ్రులకు మాయమాటలు చెప్పి కోర్సులు అంటగడుతున్నారని ఫిర్యాదులొస్తే, జాతీయ బాలల హక్కుల కమిషన్ బైజూస్ అధిపతిని పిలిపించింది. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్లల కుటుంబాల వెంట పడుతున్నారని కమిషన్ అధ్యక్షుడే అన్నాడు. మొదటిసారి చదువుకుంటున్న పిల్లలంటే ఎవరయ్యా? మనమే గదా! ఒక చేత్తో కమిషన్ నోటీసు, ఇంకో చేత్తో మన ప్రభుత్వం దండ. 2024 జులైలో ఆ కంపెనీ క్రికెట్ బోర్డుకు 158 కోట్లు బాకీపడి బెంగుళూరు ట్రిబ్యునల్లో దివాలా విచారణకెక్కింది. అంతకు నెలముందే ఇక్కడ ప్రభుత్వం మారింది. ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతికొచ్చిన పిల్లలకు ట్యాబు రాలేదు. అన్నకొచ్చింది, తమ్ముడికి లేదు. పాత ప్రభుత్వం పుట్టినరోజుకి ఇచ్చింది, కొత్తది ఆపేసింది. మన పిల్లల లెక్కలు వాళ్ల పండగల క్యాలెండరు ప్రకారం నడవాలి!

ఇక రెండో రకం మనుషుల సంగతి. ట్యాబులు పంచిన రోజుల్లో ఊళ్లో ఒక మాట ఊరేగింది. మిరప తోటలో కూలికి పోయిన మన ఆడమనిషిని ఆసామి పిలిచి, "ఏమే, నీ కొడుక్కి ట్యాబిచ్చారంటగా, ఇంక పనికేం వస్తాడులే" అన్నాడు. ఆమె "ఏదోలే అయ్యా, బళ్లో ఇచ్చారు" అని తలొంచుకుని కాయలు కోసుకుంది. అదే ఆసామి మనవడు విజయవాడలో కార్పొరేటు హాస్టల్లో ఉంటాడు, ఐఐటీ ఫౌండేషను, చేతిలో ఇంకా ఖరీదైన ట్యాబు. వాడిది చదువట, మనోడిది చెడిపోవడమట. పేపర్లలో కాస్త మర్యాదగా రాశారు. పేద పిల్లల చేతికి పరికరాలిస్తే సినిమాలు చూస్తారు, ఆటలాడతారు, సంస్కృతి పాడవుద్ది అని. రాసినవాళ్ల పిల్లలు ఏం చూస్తున్నారో వాళ్లు రాయలేదు. మాల పల్లెలో, మాదిగ గూడెంలో సెల్లు మోగితే చెడిపోయినట్టు, మేడమీద మోగితే టెక్నాలజీ అయినట్టు.

కాబట్టి మన మాట ముందే చెప్తున్నాం. వీడియో పాఠం చెడ్డదని మేం అనం. మన చేతికొచ్చిన దాన్ని లాక్కోమని అసలే అనం. కంపెనీవాడి బొమ్మ పెట్టి మాస్టారిని ఎగ్గొడితే ఊరుకోం.

ముందు లెక్క ఎందుకో మాట్లాడుకుందాం. మన పెద్దలు వేలిముద్రలేసింది లెక్క తెలియకే. జీతం ఉన్న పాలేరు ఏడాదంతా పనిచేసి ఉగాదినాడు పోతే, ఆసామి పుస్తకం తీసి ఇంకా బాకీ ఉన్నావనేవాడు. ఆ పుస్తకంలో ఏం రాసుందో పాలేరుకి తెలవదు. ఇవాళ పుస్తకం పోయింది, ఫోనులో కాలిక్యులేటర్ వచ్చింది, నొక్కేవాడు మాత్రం వాడే. పత్తి తీతకు కిలోకింత అంటారు, కాటా దగ్గర తరుగంటారు. మిరపకాయల టిక్కీ తూకంలో గోతం బరువు వేరే, తేమ వేరే. కౌలుకు తీసుకున్న మన రైతుకి ఎకరానికి పెట్టుబడెంత, వడ్డీ నూటికి మూడా నాలుగా, అది ఏడాదికెంతవుద్ది అని కూర్చుని లెక్కేసే మనిషి ఇంట్లో ఉంటే సగం అప్పులు మొదట్లోనే ఆగుతయ్.

మా రాత్రిబడిలో జరిగింది చెప్తా. నందిగామకు జగ్గయ్యపేటకు మధ్య ఒక పల్లె, పేరెందుకు. పన్నెండులోంచి బ్రాకెట్లో ఐదు మైనస్ మూడు తీసెయ్యమన్నాం. పదకొండు మంది పిల్లల్లో తొమ్మిది మంది నాలుగు అని రాశారు. పన్నెండులో ఐదు పోతే ఏడు, ఏడులో మూడు పోతే నాలుగు. అందరూ తొమ్మిదో తరగతి. ట్యాబులో ఆ పాఠం ఉంది, రంగురంగుల బొమ్మతో, చక్కటి గొంతుతో. ఇద్దరు ముగ్గురు అది చూశామని కూడా చెప్పారు. అయినా నాలుగే.

అప్పుడొక అమ్మాయి తల్లి, పలుగూ పారా గోడకానించి వచ్చి కూర్చున్న మనిషి, "అట్టాగాదు సార్, కూలి డబ్బుల్లో చెప్పండి" అంది. సరేనని చెప్పాం. ఆసామి నీకు పన్నెండొందలు ఇవ్వాలి. నువ్వు ఐదొందలు అడ్వాన్సు తెచ్చుకున్నావ్. అందులో మూడొందలు మొన్నే తిరిగిచ్చేశావ్. ఇప్పుడు నీకెంత రావాలి? తల్లి క్షణం ఆగకుండా "వెయ్యి" అంది. పిల్లలు ఆమె వంక చూశారు. బ్రాకెట్లో మిగిలింది రెండొందల బాకీ, అదే కోసుకోవాలి. నాలుగు అని రాసినోడు ఆసామికి ఆరొందలు వదిలేసినట్టు. ఆ రాత్రి తర్వాత ఆ తొమ్మిది మందిలో ఎవరూ ఆ గుర్తు మళ్లీ తప్పు పెట్టలేదని చెప్పను. ఇద్దరు పెట్టారు. కానీ ఎందుకు తప్పో వాళ్లకే తెలిసింది.

కంపెనీ వీడియోలో ఆ తల్లి లేదు. వీడియో పిల్లాడి నోటుబుక్కు చూడలేదు. నాలుగు అని ఎందుకు రాశావ్ అని అడగలేదు. బొమ్మ చెప్పింది చెప్పుకుంటూ పోయింది, పిల్లాడు అర్థమైనట్టు తలూపుకుంటూ చూశాడు. లెక్కల పాఠం చూస్తే రాదు, తప్పు చేసి, ఆ తప్పు ఎక్కడుందో ఇంకో మనిషి చూపెడితేనే వస్తది. సైకిల్ తొక్కడం సినిమాలో చూసి నేర్చుకున్నవాడు ఎవడన్నా ఉన్నాడా?

కానీ వీడియో చేసే పని ఒకటుంది, అది ఎంత మంచి మాస్టారూ చెయ్యలేడు. మన మెట్టలో పత్తి తీత, మిరపకోత నెలల్లో బడి హాజరు చూడండి. జనవరి నుంచి మార్చి దాకా మిరపకాయలు. మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, వారం పది రోజులు మాయమవుతారు. తిరిగొచ్చేసరికి మాస్టారు సరూప త్రిభుజాలు అయిపోయి త్రికోణమితిలో ఉంటాడు. వెనక్కిపోయి మళ్లీ చెప్పడు, చెప్పే టైము కూడా లేదు, సిలబస్ ముంచుకొస్తది. అడిగితే "ఇన్నాళ్లు ఎక్కడ చచ్చావ్" అంటాడు. ఆ మాట పడలేక బడి మానేసిన పిల్లలు నాకు తెలుసు. వీడియో అట్టా అనదు. మూడుసార్లు అడిగినా విసుక్కోదు, ఏ వాడ నుంచి వచ్చావని అడగదు, ముందు బెంచీ వెనక బెంచీ అనదు. పోయిన పాఠాన్ని వెనక్కి తెచ్చివ్వగలిగేది అదొక్కటే.

అంబేద్కర్ బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివేటప్పుడు, ఒకరోజు మాస్టారు లెక్క చెయ్యమని ఆయన్ని నల్లబల్ల దగ్గరికి పిలిచాడు. క్లాసు గోలెత్తిపోయింది. నల్లబల్ల వెనక సవర్ణ పిల్లల అన్నం డబ్బాలున్నయ్. వాటిని మైలపడకుండా ముందు తీసి పక్కన పెట్టుకున్నాకే ఆయన బల్లను తాకాడు. అంటే ఆ పిల్లాడికి లెక్క రాకపోవడం కాదు సమస్య, లెక్క రాసే బల్ల దగ్గరికి చేరడమే సమస్య. వందేళ్ల పైన గడిచింది. నల్లబల్ల పోయి తెల్ల తెర వచ్చింది. తెర వెనక అన్నం డబ్బాలు లేవు. ఆ తెర ముందు మనోణ్ణి నిలబెట్టి, చాక్‌పీసు చేతికిచ్చి, నువ్వు చెయ్యరా అని పిలిచే మాస్టారు కూడా లేడు.

మాస్టారు ఎందుకు లేడు? లెక్క చూడండి. 2018లో నోటిఫికేషన్ వేసిన డీఎస్సీ తర్వాత ఇంకో డీఎస్సీ పరీక్ష జరగడానికి 2025 జూన్ దాకా పట్టింది. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒక నోటిఫికేషనిచ్చారు, అది పరీక్ష దాకా పోకుండానే రద్దయింది. చివరికి 16,347 పోస్టులతో వేశారు. ఇన్ని వేల పోస్టులు ఒక్కసారిగా ఊడిపడలేదు గదా. అన్నేళ్లూ ఖాళీగా ఉన్నయ్. ఆ ఖాళీ ఏళ్లలోనే ట్యాబులు రెండుసార్లు వచ్చినయ్. గణితం మాస్టారు రిటైరైతే పక్క మండలం నుంచి సర్దుబాటు మీద ఒకాయన వారానికి మూడు రోజులొస్తాడు, లేదంటే సైన్సు టీచరే లెక్కలు చెప్తాడు. మధ్యలో కరోనా. 2022 జూన్లో పదో తరగతి ఫలితాలొస్తే రాష్ట్రం మొత్తం మీద పాసైంది 67.26 శాతం. రెండు లక్షల మంది పిల్లలు తప్పారు. ఆ రెండు లక్షల్లో కమ్మోరి పిల్లలు ఎందరు, రెడ్డోరి పిల్లలు ఎందరు, మాదిగోరి పిల్లలు ఎందరు అని ఏ ప్రభుత్వమన్నా చెప్పిందా? చెప్పదు. ఓట్లప్పుడు కులం లెక్క వేలమీద ఉంటది, ఫెయిలైనప్పుడు పిల్లలందరూ "విద్యార్థులే".

వీడియో పాఠం అనేది ఇవాళ పుట్టిందేం కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం పెట్టి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ చూపించారు, మన రాష్ట్రం కూడా అందులో ఉంది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి చదువుల కోసమనే ఎడ్యుశాట్ ఎగిరింది. (ఆ కోట కట్టడానికి యానాదుల్ని దీవిలోంచి ఖాళీ చేయించారు, వాళ్ల పిల్లల చదువెక్కడిదాకా వచ్చిందో ఎవరన్నా అడగాలి.) పరికరం మారినప్పుడల్లా ఇక పేదోడి చదువు మారిపోయిందని బాకా ఊదుతారు. మా చిన్నప్పుడు ఊరుమ్మడి టీవీ పెద్దింటి అరుగుమీద ఉండేది, మనోళ్లు వీధిలో నిలబడి చూసేవాళ్లు. పెళ్లికీ జాతరకీ నందిగామ నుంచి వీడియో అద్దెకు తెస్తే రాత్రికి మూడు సినిమాలు. మనకు వీడియో అంటే అదే. పాఠం అని ఎవరూ చెప్పలేదు.

మరి ఎక్కడన్నా పనిచేసిందా అంటే, చేసింది. ఎక్కడ చేసిందో, ఎక్కడ చెయ్యలేదో చూస్తే సంగతి తెలుస్తది. లక్నోలో 2005 నుంచి డిజిటల్ స్టడీహాల్ అని ఒక పని నడిచింది. బాగా చెప్పే టీచర్లు నిజం క్లాసులో పిల్లలకు చెప్తుంటే మామూలు కెమెరాతో తీసి, డీవీడీలు చేసి, పల్లెటూరి బళ్లకు పంపారు. అక్కడ టీవీ ముందు ఊరి టీచరు నిలబడి ఉండాలి. బొమ్మ ఆపాలి, ప్రశ్న అడగాలి, పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలవాలి, మళ్లీ నడపాలి. మనిషి లేకుండా డీవీడీ నడపొద్దన్నదే వాళ్ల పద్ధతి. పాకిస్తాన్ పంజాబులో సర్కారు బళ్లలో రెండు రకాలుగా చేసి చూశారు. ఎనిమిదో తరగతి లెక్కలూ సైన్సూ చెప్పే టీచర్లకు తెరా చిన్నచిన్న వీడియోలూ ఇచ్చి, పాఠం వాళ్లతోనే చెప్పించారు. నాలుగు నెలల్లో పిల్లల మార్కులు కనపడేటట్టు పెరిగినయ్. ఇంకోచోట ఆరో తరగతి పిల్లలకు నేరుగా ట్యాబులిచ్చి టీచరుని పక్కన పెట్టారు. అక్కడ మార్కులు పెరగలేదు సరిగదా, తగ్గినయ్! పెరూ దేశంలో బడిపిల్లలకు లక్షల్లో లాప్‌టాపులు పంచి, 2012లో లెక్కలు తీస్తే గణితంలోనూ భాషలోనూ మార్పేం లేదు. ఇవన్నీ మన విద్యాశాఖ ఐఏఎస్‌లకు తెలవదా? ట్యాబు కొనేముందు వాళ్లు చదువుకోలేదా? చదువుకునే ఉంటారు. టీచరు పోస్టు ముప్పై ఏళ్ల జీతం, ట్యాబు ఒక్కరోజు ఫొటో.

కేరళ సంగతి ఇంకోటి చెప్పాలి, గుండె రాయి చేసుకుని. 2020 జూన్ 1న కేరళ ప్రభుత్వం టీవీ పాఠాలు మొదలుపెట్టింది. అదే రోజు మలప్పురం జిల్లాలో పదో తరగతి చదివే ఒక దళిత బాలిక ప్రాణం తీసుకుంది. తండ్రి కూలి. ఇంట్లో టీవీ చెడిపోయింది, బాగుచేయించడానికి చేతిలో డబ్బుల్లేవు, స్మార్ట్‌ఫోను లేదు. చదువులో ముందుండే పిల్ల. దేశంలోనే అక్షరాస్యతకు పేరుపడ్డ రాష్ట్రంలో! తర్వాత అంగన్‌వాడీల్లో, గ్రంథాలయాల్లో, సంఘాల గదుల్లో టీవీలు పెట్టి పక్కపక్క ఇళ్ల పిల్లల్ని కూర్చోబెట్టారు. ముందే పెట్టాల్సింది. అప్పుడు ఇక్కడ మన పిల్లలేం చేశారు? 2020 మార్చిలో బళ్లు మూసి, నవంబరులో తొమ్మిది పది తరగతులు తెరిచారు. దూరదర్శన్‌లో పాఠాలు వచ్చినయ్. మనోళ్లు పత్తి చేలో ఉన్నారు.

డబ్బు లెక్క మనమే వేద్దాం. 686 కోట్లని 5,18,740తో భాగిస్తే ఒక్కో ట్యాబు పదమూడు వేల రెండొందల పైన. ఎనిమిదో తరగతిలో అరవై మంది ఉన్న హైస్కూలుకు దాదాపు ఎనిమిది లక్షలు. ముప్పై వేల లోపు పెద్ద టీవీ వస్తది. ఆ ఒక్క బడి, ఒక్క తరగతి డబ్బుతో ఇరవై ఆరు వాడల్లో టీవీ పెట్టొచ్చు, పెన్‌డ్రైవ్‌లో పాఠాలు వేసుకోవచ్చు, నెట్టూ అక్కర్లేదు. ట్యాబులు పంచిన ప్రతి ఏడూ ఆ డబ్బు కర్చయింది. ఒక వాడలో సాయంత్రం రెండు గంటలు కూర్చుని ఆపి, అడిగి, నోటుబుక్కు చూసే బీఎస్సీ చదివిన మన కుర్రాడికి నెలకింత ఇవ్వమంటే మాత్రం నిధుల్లేవంటారు.

నిధుల్లేవా? 2013లో పోరాడి తెచ్చుకున్న ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది. పదేళ్లకని చేసిన దాన్ని 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఆ డబ్బు మన జనాభా వాటా డబ్బు, ఎవరి దయా కాదు. అందరికీ ఇచ్చే పథకాల్లో మనోళ్లకు పడిన వాటాను కూడా సబ్‌ప్లాన్ ఖాతాలో రాసి చూపిస్తున్నారని దళిత సంఘాలు ఎన్నేళ్ల నుంచో మొత్తుకుంటున్నయ్. అమ్మ ఒడి అందుకు రుజువు. ఏ పార్టీ ఉన్నా ఈ కనికట్టు ఆగలేదు. నందిగామ 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మన కులంలో పుట్టినోళ్లే గెలుస్తున్నారు, మన వాడ హైస్కూల్లో గణితం పోస్టు ఖాళీ ఎన్నేళ్లదో అసెంబ్లీలో ఎన్నిసార్లు అడిగారో అడగండి.

ఇక మనల్ని మనం అడుక్కోవాల్సింది. కొన్నిటికి అగ్రకులాలమీద నెపం వెయ్యలేం. అంబేద్కర్ కమ్యూనిటీ హాలు కట్టించుకున్నాం, పెద్దాయన ఫొటో పెట్టాం. రాత్రి ఎనిమిదికి పోయి చూడండి, ఆ ఫొటో కిందే పేకాట! విగ్రహానికి చందా అంటే వెయ్యిస్తారు, హాల్లో టీవీకి రెండొందలు అడిగితే తర్వాత చూద్దామంటారు. మేం మొదలుపెట్టినప్పుడు మొదటి వారం నలభై మంది వచ్చారు, సినిమా వేస్తారనుకుని. రెండో వారం పదకొండు. ముప్పై నిమిషాల పాఠం ఒకేసారి వేశాం, సగం మంది నిద్రపోయారు, పొద్దంతా చేలో ఉండొచ్చిన పిల్లలు. తప్పు మాదే. రెండు నిమిషాలకోసారి ఆపి అడగడం నేర్చుకోడానికి నెల పట్టింది. వీడియోలో చెప్పే ఆయన తెలుగు కూడా మనది కాదు. "అనుపాతం" అంటాడు, పిల్లలు దిక్కులు చూస్తారు. బస్తాకి మందు ఎంత నీళ్లకి ఎంత కలుపుతావురా అంటే చెప్తారు. అందుకే అడుగుతున్నాం. మన మెట్ట బళ్లలో బాగా చెప్పే సర్కారు మాస్టార్లు ఉన్నారు, వాళ్ల పాఠాన్నే సెల్లుతో తీసి పంచండి, కూలీ లెక్కతో, తరుగు లెక్కతో. దానికి బెంగుళూరు కంపెనీ దేనికి? ఆ పాఠం ప్రభుత్వం సొత్తుగా ఉండాలి, అందరికీ ఊరికే దొరకాలి, కంపెనీ దివాలా తీస్తే దాంతోపాటు పోయేదిగా ఉండకూడదు.

ఆడపిల్లల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. రాత్రి హాలుకి పంపమంటే తల్లిదండ్రులు భయపడతారు, అందులో న్యాయం ఉంది. పేకాట జరిగే చోటికి ఎవరు పంపుతారు? ట్యాబు ఇంటికిస్తే ఆడపిల్ల ఇంట్లోనే చూసుకోవచ్చని ఒకక్క వాదించింది. ఆ మాట కొట్టిపారెయ్యలేం. కానీ ఆ ఇంట్లో ట్యాబు అన్న చేతిలో ఉంటది, ఆమె చేతిలో గరిటె ఉంటది. మేం చివరికి టైము మార్చాం, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర, ఒక తల్లి తప్పకుండా కూర్చోవాలి, ముందు వరస అమ్మాయిలది. ఇంటికొచ్చిన ట్యాబుని కూడా హాలుకి తెమ్మన్నాం. మాల పల్లెకో హాలు, మాదిగ గూడానికో హాలు కాకుండా ఒకటే చోట. వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్లు రేపు సభలో చేసుకోండి, బ్రాకెట్టు ముందు మైనస్ రెండు వాడల పిల్లలకూ ఒకేలా తప్పుతోంది.

ఈ నేలకు కోపం కొత్త కాదు. 1968లో కంచికచర్లలో దొంగతనం అంటగట్టి కోటేశును సజీవంగా తగలబెట్టారు. నేరం రుజువు చెయ్యమని అడిగే నోరు లేనందుకు, లెక్క అడిగే దమ్ము చూపినోణ్ణి బతకనియ్యని రోజులు కాబట్టి. ఆ కంచికచర్ల పక్క ఊళ్లల్లో ఇవాళ మన పిల్లలు నూజివీడు ట్రిపుల్ ఐటీ పేరు పలుకుతున్నారు. 2008లో పెట్టిన ఆ కాలేజీలో సీటుకు ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులే. సర్కారు బడి పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ ఉంది. అంటే పదో తరగతి లెక్కల్లో వచ్చే పది మార్కులు ఒక కుటుంబాన్ని చేలోంచి బయటికి లాగుతయ్, లేదా చేలోనే పాతేస్తయ్. ఆ పది మార్కుల కోసమే ఇంత రాద్ధాంతం.

కార్యకర్తలు ఈ పక్షం చెయ్యాల్సిన పనులు. మీ మండల విద్యాధికారి ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో ఫీజు ఐదు రూపాయలు, తెల్లకార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి: మండలంలో ప్రతి హైస్కూల్లో గణితం స్కూల్ అసిస్టెంటు పోస్టులు ఎన్ని మంజూరయినయ్, ఎన్ని ఖాళీ, ఏ తేదీ నుంచి. సర్దుబాటు మీద ఎవరు ఎన్ని రోజులొస్తున్నారు. ఇచ్చిన ట్యాబులెన్ని, ఇవాళ పనిచేసేవెన్ని, చెడిపోయినవి ఎవరు బాగుచెయ్యాలి. గోడమీద తెర ఏ క్లాసులో ఎన్ని పీరియడ్లు నడుస్తోంది, నెలనెలా రిజిస్టరు నకలు. రెండోది, విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్లు, మన పిల్లల సంఖ్యకు తగ్గట్టు మనోళ్లు. మీటింగు ఎప్పుడు పెట్టారో, ఆ తీర్మానం పుస్తకంలో మన వాళ్లతో ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారో చదివించుకోండి. చదవకుండా పెట్టొద్దు.

మూడోది, మీ వాడలో ఇనప్పెట్టెల్లో ఉన్న ట్యాబులన్నీ బయటికి తీయించి ఒకరోజు హాల్లో ఛార్జింగ్ పెట్టించండి. ఎన్ని వెలుగుతయ్యో, కార్డులో పాఠాలు ఇంకా ఉన్నయ్యో లేదో, ఏ తరగతివో రాసుకోండి. దరఖాస్తులకొచ్చిన జవాబుల నకళ్లతో పాటు ఆ కాగితం కూడా పత్రికకు పంపండి. ఊరి పేరు, మండలం పేరు రాయడం మర్చిపోకండి. పిల్లల పేర్లు రాయొద్దు. వచ్చేవన్నీ ఇక్కడే అచ్చేస్తాం.